ఎవరి భాషలో వాళ్ళకి బ్యాక్‌వాష్

ఏది ముందో ఏది వెనకో కాస్త తారుమారు కావచ్చు, ఈ మధ్య నా బుర్ర అలా ఉంది. అయినా ఒక్క ముక్క కూడా అబద్ధం చెప్పను.

సాయంత్రం వరండాలో నేనూ, మా చెల్లెలూ, దాని మనవరాలూ కూర్చున్నాం. పిల్ల నీళ్ళ శాఖలో కొత్త ఇంజనీరు. పోయినసారి అది రాసిన నోటీసు అర్థం కాక ఒక్కరూ నీళ్ళు పట్టుకోలేదట. రేపు అంటించేది కూడా అలాగే ఉంటే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారట. "ఫిల్టర్ బెడ్ బ్యాక్‌వాష్ దృష్ట్యా సరఫరాలో అంతరాయం" అని రాసుకుని దిగులుగా చూస్తోంది.

ఇంతేనా అన్నాను. ముప్పై ఏళ్ళు ఆ నీళ్ళ ప్లాంటులోనే చేసినదాన్ని. ఇసుక పొరల్లో మురికి చేరితే నీటిని కింద నుంచి పైకి ఎదురు తోసి కడుగుతాం, అంతవరకూ కుళాయిలు బంద్. అది ఎవరికెలా చెప్పాలో నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? ఉద్యోగంలో ఉన్న రోజుల్లో దర్జీకి చొక్కా తిరగేసి ఉతకడం అన్నాను, డాక్టరుకి పుక్కిలించడం అన్నాను, పెద్దాఫీసరుకి పైనుంచి దిగిన ఫైళ్ళన్నీ మళ్ళీ పైకి పంపడం అన్నాను, ఆయనకి చెమటలు పట్టాయి.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? పంపు మొరాయించింది. ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేశారు. నేను వెళ్ళి దాని చెవిలో, పంపుకి చెవేమిటంటుంది మా చెల్లెలు, బేరింగు పక్కన ఉంటుందిలే, దాని మోతలోనే విషయం విడమరిచి చెప్పాను. ఒక్కసారి దగ్గి తిరగడం మొదలెట్టింది.

"అప్పుడు కరెంటుందా పెద్దమ్మమ్మా?"

లేదు, అదే గొప్ప. అది విని ఇసుక రేణువులు తమంతట తామే ఒళ్ళు దులుపుకున్నాయి. దారిన పోయే మేఘమొకటి ఆగి, అంతా విని, ట్యాంకు నిండా పోసి, చాలా, ఇంకా కావాలా అని అడిగి మరీ వెళ్ళింది.

చెల్లెలు చేతిలో కుట్టు పక్కన పెట్టింది. "అవునక్కా. నువ్వు చెప్పి వెళ్ళగానే ఆ దర్జీ, ఆ డాక్టరు, ఆఫీసరు గారి భార్య, అందరూ మా గుమ్మంలోకే వచ్చేవాళ్ళు. మీ అక్కగారు చాలా బాగా చెప్పారు, ఇంతకీ నీళ్ళు వస్తాయా రావా అని."

నాకు గుర్తులేదన్నాను. గుర్తుంది.

"మరి నువ్వేం చెప్పేదానివి అమ్మమ్మా?" అంది పిల్ల.

"ఏముందే, రేపంతా నీళ్ళు రావు, ఇవాళే పట్టుకోండి అనేదాన్ని."

పిల్ల రాసినదంతా కొట్టేసి ఆ ఒక్క వాక్యం రాసుకుంది. దాని మొహం తేటపడింది.

"ఇవాళే" కింద గీత గీయమని చెప్పింది మాత్రం నేనే.