ఒంటి మద్ది

...ఆగుర్రి, చెప్తున్న, ఆలిశమైతున్నదని కోపం జెయ్యకుర్రి, గొంతు ఆరిపోతే నీళ్లు తాగొచ్చిన. చెట్లు నరికిన కూపుల ఒంటిగ నిలవడ్డ మద్దిచెట్టు లేదా, పసులు సుత అటు మల్లవు జూడుర్రి, దాని ముచ్చటనే.

అప్పట్ల అడవి వాచర్ పోశెట్టి ఉండెటోడు. పెండ్లాం పోయినంక క్వార్టర్ల ఒక్కడే, వండుకున్నదాంట్ల సగం కుక్కకేసి, దానితోనే మాట్లాడుకుంట తినెటోడు. ఏ చెట్టు కొట్టాలెనో దానికి సుత్తితోని ముద్రేసుడు ఆయన పని. ముద్ర పడ్డదా, ఇగ గొడ్డలే. సర్కారుకు కట్టె గావాలె, ఊరోళ్లకు నరికే కూలి గావాలె, అడవి మల్ల మొలవాలె, ఈ పంచాయితంత ఆయన నెత్తిమీదనే.

గూడెం పెద్దామె మారుబాయవ్వ ముందుగాలనే చెప్పిందట, విత్తనం రాలనీకి చెట్టు ఇడిస్తే జంటగ ఇడువు బిడ్డా, మా పెద్దలు గట్లనే ఇడుస్తరు, ఒక్కదాన్ని ఇడిస్తే అది తోడు ఎతుకుతది అని. సరేనని పోశెట్టి పక్కపక్కపొంటి రెండు మద్దులు ఇడిసిండు. ఇంతల పెద్దసారొచ్చి, విత్తనానికి ఒక్కటి చాలదానయ్యా, లారీ నిండలే, రెండోదానికి ముద్రెయ్యి అన్నడు. ఒంటిగుండుడంటే ఏందో ఎరికున్నోడే గదా, అయినా ఏసిండు. నౌకరి మరి, ఏం జేస్తడు?

అది కొట్టిన కాడికెల్లి, పొద్దుగూకితే మొద్దు దిక్కు టక్, టక్. వడ్రంగిపిట్టేమో అనుకున్నడు. సుత్తి జూస్తే పెట్టెల ఏసిన తాళం ఏసినట్టే ఉన్నది. ఒకనాడు తానం జేస్తుంటే భుజం మండె, జూస్తే తోలు మీద గుండ్రంగ అదే ముద్ర! మీరే చెప్పుర్రి, మనిషికి ముద్ర ఎవలేస్తరు?

మారుబాయవ్వ కాడికి ఉరికిండు. అవ్వ జూసి, ఆ చెట్టు తోడుకు నిన్ను కోరుకున్నది కొడుకా, ఊరిడిసి పో అన్నది. "పోతే ఆడ సుత ఒక్కన్నే గదవ్వా" అని నవ్విండట.

ఆ మాపు మొద్దు మీద కూసోని చెట్టుకు ఈపు ఆనిచ్చిండు, పసులు కాసెటోళ్లు జూసిండ్రు. తెల్లారి చొక్క ఉన్నది, మనిషి లేడు. కుక్క కొన్నాళ్లు ఆడనే పండుకున్నది, అదీ పోయింది.

అప్పటిసంది కూలోళ్లు జంట ఇడువంది గొడ్డలి పట్టరు, సార్లు సుత ఏమనరు. చెట్టుకైతే తోడు దొరికె. పోశెట్టికి? చెట్టేం మాట్లాడుతది? అందుకే అటు పోయినోళ్లను, తిన్నవా అని అడుగుతడు, ఇంట్లోళ్లు అడిగినట్టే. జవాబియ్యకుర్రి. అసలు అటు పోనే పోకుర్రి, కట్టెలు ఇంకోకాడ దొరుకుతయి, మీరు దొర...

ఆఁ? ఎవలూ? లే, ఇంక తినలే, వస్తున్న