పట్టాలు కొన్న పిల్ల

వేములవాడలో గుడి దారిలో చిన్న బొమ్మల దుకాణం. ప్లాస్టిక్ ఇటుకలతో కట్టుకునే రైలు సెట్టును ఏ పిల్లలూ కొనలేకపోతున్నారని, దుకాణం ముసలాయన డబ్బా విప్పి దేనికది విడిగా అమ్మాడు. నెల తర్వాత, పట్టాలు కొన్న పిల్ల మళ్లీ వచ్చింది.

"తాతా, ఇంజను ఎవరు కొనుక్కపోయిండ్రు?"

"రాజన్న దర్శనానికి వచ్చినోళ్లు, బిడ్డా. చెన్నూరోళ్లట."

"మరి బోగీలు?"

"ఒకటి భైంసా పోయింది. ఇంకోటి ఎటు పోయిందో యాదికి లేదు."

"మా వాడకట్టోళ్లు ఎవ్వరు కొనలేదా?"

"కొనలే. ఎందుకు, పట్టాలు విరిగినయా?"

"విరగలే. అవ్వ బట్టలు నేసే సాంచెల పనికి పోయినంక రోజు ఇంట్ల పరిచి పెడుతున్న. తలుపు గూడ తీసే ఉంచుతున్న."

"ఉత్త పట్టాలతోని ఏం ఆడుతవు? అవే పైసలకు బోగీ వస్తదని ఆనాడే చెప్పిన గద. జర ఇననైతివి."

"బోగీ కొంటే నేనే ఒకలింటికి పోవాలె. నన్ను ఎవ్వరు రమ్మనరు, తాతా. పట్టాలు నా దగ్గరుంటే, ఇంజనున్నోళ్లే మా ఇంటికి వస్తరనుకున్న."