కుడివైపు నుంచే

మెదడులో రక్తం గడ్డకట్టి చూపు పోయిన బస్సు డ్రైవరు, సికింద్రాబాద్‌లోని ఓ పరిశోధన కేంద్రం వరండాలో చేతికర్ర లేకుండా నడిచి, చివరి గోడ తగిలాక ఆగాడు. పడితే పట్టుకోవడానికి వెనకే వచ్చిన పరిశోధకురాలు ఊపిరి పీల్చుకుంది.

“అంకుల్, దారిలో ఏమైనా కనిపించిందా?”

“ఏం కనిపిస్తదమ్మా, అంతా చీకటే. మీరు దారి ఖాళీ అన్నరు, నడిచిన.”

“ఖాళీ కాదు. మూడు స్టూళ్లు పెట్టాను. ఒక్కటీ మీకు తగల్లేదు.”

అతను గోడ వదిలి ఆమె గొంతు వినిపించిన వైపు తిరిగాడు.

“ఒట్టమ్మా, నాకు కనిపించలే! మొన్న బకెట్‌ తప్పుకొని పోతే నా పెండ్లాం గిట్లనే నాటకమన్నది. ఇప్పుడు మీరు సుత అంటరా?”

“అనను. మీ కళ్లు బాగానే ఉన్నాయి. చూసింది మీకు తెలియజేసే చోటే మెదడులో దెబ్బతింది. ఇంకో సన్నని దారి మిగిలింది. అది మీకు చెప్పకుండానే మీ కాళ్లను నడిపిస్తోంది.”

“అంటే... నా లోపల ఇంకొకడు చూస్తున్నడా?”

“చూస్తున్నాడు. మూడు స్టూళ్లనూ కుడివైపు నుంచే దాటించాడు.”

ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టిన చేతులు గాల్లోనే కుడివైపు తిరిగాయి.

“ఓవర్‌టేక్ కుడి నుంచే చేస్తరమ్మా. వాడు డ్రైవరే! బయట మా ఆమె కూసున్నది, జెర పిలువుండ్రి. మల్లొకసారి నడుస్త. వాన్ని ఆమె సుత చూడాలె.”