లోపల వదిలిన గుడ్డ

పొట్ట తగ్గించే ఆపరేషనయి తొమ్మిది నెలలైంది. యాభై కిలోలు తగ్గిన టీచరమ్మ, చిలకలగూడలో పాత టైలరు కుట్టిన కొత్త జాకెట్టును లోపలివైపుకు తిప్పి చూసి నిలబడిపోయింది.

"మాస్టరుగారూ, పక్క కుట్ల దగ్గర ఇంత గుడ్డ వదిలారేంటి?"

"ఎప్పుడు వదుల్త గద, టీచరమ్మా."

"ఎప్పుడూ వేలెడు వదిలేవారు. ఇది నాలుగు వేళ్లుంది."

"ఉండనియ్యుండ్రి. రేపు కుట్లు విప్పుకుంటె పనికొస్తది."

"నేను మళ్లీ లావవుతానని మీకెవరు చెప్పారు?"

టైలరు మెడలోని టేపు తీసి, మళ్లీ వేసుకున్నాడు.

"నేనెందుకంట? మొన్న మీ సారొచ్చిండ్రు. జెర ఎక్కువనే వదులు మాస్టర్, ఆర్నెల్లల్ల మల్ల మొదటికొస్తదన్నరు."

ఆపరేషనుకి తీసుకెళ్లే ముందు ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది ఆ భర్తే.

"నవ్వుతూ అన్నారా?"

"లేదమ్మా."

ఆమె జాకెట్టును బల్ల మీద పరిచింది.

"కత్తిరించెయ్యండి."

"కోస్తె మల్ల అతుకదు. జెర ఆలోచించుండ్రి."

ఈ వారం కిలోన్నర పెరిగిన సంగతి ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.

"కుట్టు అంచు దాకా కత్తిరించండి. ముక్కలు పారెయ్యకుండా పొట్లం కట్టండి."

"ముక్కలు మీకెందుకు?"

"నాక్కాదు. వదలమన్నది ఆయనే కదా, ఆయన చేతికే ఇస్తాను."