ఒనోరా పేరు కోసం

మేయో జిల్లా గ్రంథాలయంలో, చూపు ఆనని ముసలామెకు అక్క కూతురు 1847 నాటి పత్రిక చదివి వినిపిస్తోంది.

"బంగాళదుంప పంట కుళ్లిపోయిన ఆ కరువులో పిల్లల్ని చంకనేసుకుని బీదల ఆశ్రమానికి నడిచి వెళ్లిందట మా ముత్తవ్వ చెల్లెలు ఒనోరా. ఆ పేరుందేమో చూడవే."

"ఉండు పిన్నీ. 'ఆశ్రమం నిండిపోయింది. గేటు బయట పదకొండుమంది చనిపోయారు.'"

"పేర్లు?"

"వేయలేదు. ఒకామె ఇద్దరు పిల్లల్ని శాలువాలో చుట్టుకుని పడి ఉందట."

"మన ఒనోరాయేనంటావా?"

"ఎలా చెప్పను? అలాంటి తల్లులు ఎందరో."

"పై వారం పత్రిక తియ్యి. పూడ్చిన చోటు తెలిస్తే ఓ ప్రార్థనైనా చేసుకుంటాను."

"తీశాను."

"ఏం రాశారే?"

"'చావులు మరీ ఎక్కువయ్యాయి. ఇకమీదట ఆ వార్తలు వేయలేం' అని రాశారు పిన్నీ."