అరుపు వినపడకపోతే సరుకు ఓకే

ముందు ఆ చెంచా కింద పెట్టండి. పెడతారా, లాక్కోమంటారా? గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, చెప్పులైనా విప్పనివ్వకుండా ఆ గాజుగ్లాసు మీద టింగు టింగు టింగుమని... ఏమండీ, నేను మనిషిననుకున్నారా, బటన్ నొక్కితే వచ్చే లిఫ్టుననుకున్నారా?

ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. మనం అనుకున్నది అంతే కదా? మరి ఈ గణగణ దేనికి? బడి గంటా, ఫైరింజనా?

వద్దు, నోరు తెరవకండి! తెరిచారంటే ఇప్పుడే డాక్టరుగారికి ఫోన్ చేస్తాను. ఆపరేషన్ చేసి గొంతులో కాయ తీసి ఎన్నాళ్ళయిందని? ఆయన ఏమన్నారో మర్చిపోయారా? 'ఈ గొంతుతో ఇంకోసారి వర్క్‌షాపులో అరిచారో, ఆ తర్వాత అరవడానికే కాదు, ఆవలించడానికి కూడా పనికిరాదు' అన్నారు. అన్నారా, లేదా?

ఆఁ. ఒకటే దెబ్బ. అదీ పద్ధతి.

సరే, ఇప్పుడు చెప్పండి, మీకు ఎవరు మోశారు ఈ వార్త? మీ తమ్ముడేగా? 'పంపుల కంపెనీకి చేసిన షాఫ్టులన్నీ పోయాయి అన్నయ్యా' అనేసి ఫోన్ పెట్టేశాడా? అనుకున్నాను! వాడికి సగం వార్త చెప్పి పారిపోవడం పుట్టుకతో వచ్చిన విద్య. మన పెళ్ళిచూపుల నాడు కూడా వాడే కదా, 'పిల్ల బాగానే ఉంది గానీ...' అని మీ ఇంట్లో చెప్పి ఆటకి వెళ్ళిపోయింది? ఆ 'గానీ' ఏమిటో ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు.

చెప్తాను. మొత్తం చెప్తాను. వరసగా చెప్తాను. మధ్యలో కొట్టారంటే మళ్ళీ మొదటికొస్తాను, మీ ఇష్టం.

మీరు ఆసుపత్రిలో చేరిన మర్నాడు వెళ్ళి మన వర్క్‌షాపు షెడ్డు నడిమధ్య కుర్చీ వేసుకున్నాను. ఇన్నేళ్ళూ ఆఫీసు గాజుగదిలో తలుపు వేసుకుని ఫోన్లెత్తినదాన్నే గానీ, మిషన్ల మధ్య కూర్చున్నది అదే మొదలు. చీరంతా నూనె చుక్కలు. చెవుల్లో రంపం. అబ్బ, ఆ మోతలో మీరు ఇన్నేళ్ళు ఎలా అరిచారండీ? నిజంగా మెచ్చుకోవాల్సిందే.

కూర్చుని చూస్తున్నాను. షాఫ్టులు చెక్కే మీ పెద్ద లేత్ దగ్గర మన మైక్రోమీటర్ నిలబడి పని చేస్తున్నాడు. ఆ పేరు పెట్టినవాళ్ళకి దణ్ణం పెట్టాలి! మనిషేమో టర్నరు, ఆ మందం కొలిచే మైక్రోమీటరు చేత్తో పట్టుకోగా ఒక్కనాడూ చూడలేదు. 'నా వేళ్ళే కొలత, నాకెందుకు ఆ బొమ్మ' అని రోజుకోసారి అనకపోతే ఆయనకి ముద్ద దిగదు.

ఆయన హ్యాండిల్ తిప్పుతున్నాడు. హ్యాండిల్ తిరుగుతోంది. ఇనుము కోసే టూల్ కదలదు. ఇంకొంచెం తిప్పాడు. అప్పుడు కదిలింది. నాకు ఎవరు గుర్తొచ్చారో చెప్పనా? మీరే. 'వంటింట్లో బల్బు మార్చండి' అంటాను. 'ఆఁ ఆఁ' అంటారు. మాట తిరుగుతుంది గానీ మనిషి కదలడు.

ఏమిటిదీ అని అడిగాను. 'లోపల నట్టు అరిగిపోయింది మేడమ్‌గారూ. కోత పడేటప్పుడు టూలు వెంట్రుకంత వెనక్కి జరుగుతుంది. మరేం ఫర్వాలేదు, ఆ వెంట్రుక నేను చేత్తో ఎక్కువ తిప్పి కలుపుకుంటా' అన్నాడు. సిగ్గుపడుతూ కాదండీ, గర్వంగా! పతకం చూపించినట్టు!

మీకు తెలీక కాదు. ఆ పాత మిషన్ని మార్పించమంటే మీరేమన్నారు అప్పట్లో? 'దాని వంకర నాకు తెలుసు, నా వంకర దానికి తెలుసు, మధ్యలో నువ్వెవరు?' అన్నారు. ఇప్పుడు ఆ మధ్యలోనే కుర్చీ వేసుకున్నాను కదా? మెకానిక్‌ని పిలిపించాను. కొత్త నట్టు వేయించాను.

కళ్ళు అంత పెద్దవి చేయకండి. గొంతు నరాలు లాగుతాయి.

మిషను బ్రహ్మాండంగా తయారైంది. హ్యాండిల్ ఇలా అంటే టూల్ అలా. 'బోటనీ చదివినదానివి, ఆకులూ కాడలూ నీ శాఖ, ఇనుము నా శాఖ' అంటారుగా మీరు? చూడండి ఇప్పుడు, అనుకున్నాను. కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. ఆ కాలే కొంప ముంచింది.

ఎందుకంటే నేను మిషన్ని బాగు చేయించాను గానీ మనిషిని బాగు చేయించలేదు. నట్టు మారిందని ఆయన బుర్రకి తెలుసు. చేతికి ఎవరు చెప్తారు? ఆ చెయ్యి మామూలుగానే వెంట్రుక కలుపుతూ పోయింది. ఇదివరకు ఆ వెంట్రుకని అరిగిన నట్టు మింగేసేది. ఇప్పుడు అది నేరుగా షాఫ్టులోంచి పోయింది. ప్రతి షాఫ్టూ ఉండాల్సినదానికంటే వెంట్రుకంత సన్నం. ఒక్కటి కూడా తేడా లేదు. పక్కపక్కన పెడితే కవల పిల్లలే. తప్పు ఎంత నీటుగా చేశాడండీ ఆ మనిషి!

రెండు కొట్టారేం? ఏది కాదు? ఓ... ఎవరూ కొలవలేదా అనా? ఆగండి, అక్కడికే వస్తున్నాను. అసలు తమాషా అక్కడే ఉంది.

పంపుల కంపెనీ నుంచి సరుకు చూడ్డానికి ఆ బట్టతల ఇన్స్పెక్టరు వచ్చాడు. ఎప్పుడూ నవ్వడే, ఆయనే. పెట్టెలోంచి ఒక షాఫ్టు తీసి బేరింగు ఎక్కించబోయాడు. మామూలుగా అయితే సుత్తితో తట్టితే గానీ ఎక్కదు కదా? అది చంటిపిల్ల చేతికి వాళ్ళమ్మ గాజు తొడిగినట్టు సర్రున జారి, అటువైపు నుంచి దిగిపోయి, బల్ల మీద నుంచి దూకి, దొర్లుకుంటూ పోయి మీ తమ్ముడి కాళ్ళ దగ్గర ఆగింది. మీ తమ్ముడు దాన్ని తీసి, ప్యాంటుకి తుడిచి, మళ్ళీ ఆయన చేతికే ఇచ్చాడు. ఎంత మర్యాదస్తుడో!

'ఇవి ఎవరు చెక్ చేశారు?' అన్నాడాయన.

నేను మైక్రోమీటర్ వైపు చూశాను. మైక్రోమీటర్ మీ తమ్ముడి వైపు చూశాడు. మీ తమ్ముడు ఫ్యాను వైపు చూశాడు. చివరికి మైక్రోమీటర్ ఏమన్నాడో తెలుసా? 'అన్నగారు అరవలేదు కదండీ' అన్నాడు.

అర్థం కాలేదా? నాకూ కాలేదు. మీ తమ్ముడు వివరించాడు. 'మన షెడ్డులో పద్ధతి అదే వదినా. అన్నయ్య తిరుగుతూ తిరుగుతూ ఒక పీసు తీసి కొలుస్తాడు. తేడా ఉంటే అరుస్తాడు. అరుపు వినపడకపోతే సరుకు ఓకే. పెట్టెలో సర్దేస్తాం.'

'మీ అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నాడురా నాయనా!' అన్నాను.

'అవుననుకో వదినా. కానీ అరుపైతే వినపడలేదు కదా' అన్నాడు.

నవ్వాలో ఏడవాలో చెప్పండి! మీరు ఆసుపత్రి మంచం మీద మెడకి గుడ్డ చుట్టుకుని పడుకుని, నోరు మెదపకుండా సరుకంతా పాస్ చేసేశారండీ! మీ జీవితంలో మీరు ఎవరి మీదా అరవకుండా పాస్ చేసింది అదే మొదటిసారి. అది కూడా తప్పే.

నవ్వకండి. నవ్వితే దగ్గొస్తుంది. ఇదిగో, ఈ నీళ్ళు తాగండి.

ఇన్స్పెక్టరు మాత్రం నవ్వలేదు. 'శుక్రవారంలోగా సరైనవి రాకపోతే వేరే షాపు చూసుకుంటాం. చాలా ఉన్నాయి ఈ వీధిలో' అని పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఆ పెన్ను లోపలికి పోతుంటే నా ప్రాణం కూడా దానితోపాటే లోపలికి పోయింది. ఆ కంపెనీ పోతే మనకి మిగిలేదేమిటి? చల్లబడ్డ మిషన్లూ, మీ తమ్ముడి ఈలపాటా.

అందుకే మీకు చెప్పలేదు. చెప్తే ఊరుకుంటారా? లుంగీ మీదే పరుగెత్తుకొచ్చి గేటు దగ్గర నుంచే మొదలెట్టేవారు. సరుకు దక్కేదేమో గానీ గొంతు దక్కేది కాదు. ఏదో ఒకటి మిగలాలి కదా ఇంట్లో?

కొత్త రాడ్లు తెప్పించాను. మైక్రోమీటర్ పక్కనే నిలబడ్డాను. 'మళ్ళీ అలా జరగదు మేడమ్‌గారూ, ఇప్పుడు తెలిసిందిగా' అన్నాడు. లేత్ ఆన్ చేశాడు. హ్యాండిల్ పట్టుకున్నాడు. సరిగ్గా గీత దగ్గర ఆపాడు. హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఆ బొటనవేలు... ఆ దొంగ బొటనవేలు, దానంతటది, ఓ వెంట్రుక...

'ఆపూ!'

అరిచానండీ. నేనే. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గొంతు! లేత్ ఆగింది. అవతల డ్రిల్లింగ్ మిషన్ ఆగింది. పక్క షెడ్డులో వెల్డింగ్ కూడా ఆగింది. మీ తమ్ముడు చేతిలో పని వదిలేసి గుమ్మం వైపు తిరిగి, 'అన్నయ్యా, ఎప్పుడొచ్చావ్?' అన్నాడు.

ఆ తర్వాత ఆలోచించాను. రోజూ ఇలా అరుస్తూ పోతే, ఓ పదేళ్ళకి ఈ కుర్చీలో, ఈ గ్లాసూ చెంచాతో నేను ఉంటాను. అందుకని మీ తమ్ముడి చేత రెండు ఇనప రింగులు చేయించాను. ఒకటి షాఫ్టుకి ఎక్కాలి. రెండోది ఎక్కకూడదు. ఎక్కకూడనిది ఎక్కిందంటే షాఫ్టు సన్నబడినట్టే, తుక్కులోకి పోవాల్సిందే. లేత్ పక్కనే తీగకి వేలాడదీశాను. ప్రతి షాఫ్టూ చేసినవాళ్ళే రింగులు పెట్టి చూసుకోవాలి. అరుపుతో పని లేదు.

మైక్రోమీటర్ మూతి ముడుచుకున్నాడు. 'ఇన్నేళ్ళ చేతికి పరీక్షా మేడమ్‌గారూ?' అన్నాడు. 'మీ చేతికి పరీక్ష కాదండీ, మా ఆయన గొంతుకి సెలవు' అన్నాను. ఏమనుకున్నాడో ఏమో, ఎక్కకూడని రింగు అందుకున్నాడు. మొదటి షాఫ్టుకి పెట్టాడు, ఎక్కలేదు. 'చూశారా, ఎక్కలేదు!' అన్నాడు. రెండోదానికీ పెట్టాడు, 'ఇదీ ఎక్కలేదు!' ఇక చూస్కోండి, పరీక్షలో ఫస్టొచ్చిన పిల్లాడిలా ప్రతిదానికీ షెడ్డంతా వినపడేలా చాటింపు. అరుపులు తగ్గిద్దామని రింగులు పెడితే ఇదొక గోల!

సన్నబడిపోయినవా? అవి కూడా పారేయలేదు. ఇన్స్పెక్టరుకే ఫోన్ చేశాను. 'మీ చిన్న పంపులో షాఫ్టు ఇంతకంటే సన్నమే కదండీ?' అన్నాను. 'చాలా సన్నం' అన్నాడు. 'అయితే నిశ్చింతగా ఉండండి, సన్నం చేయడంలో మా టర్నర్ని మించినవాడు లేడు' అన్నాను. అప్పుడు ఫోన్‌లో ఒక చప్పుడు వినపడింది. దగ్గో, నవ్వో చెప్పలేను. నవ్వనే అనుకుంటున్నాను.

ఈ సాయంత్రం వచ్చాడు. పెట్టెలోంచి ఒకటి తీశాడు. బేరింగు పెట్టాడు. ఎక్కలేదు. నా వైపు చూశాడు. సుత్తి అడిగాడు. టక్, టక్, టక్. బిగుసుకుని కూర్చుంది. సరుకు వ్యాను ఎక్కించుకుని పోయాడు. పోతూ పోతూ ఆ రింగుల్ని ఓసారి వేలితో ఊపి చూశాడు. అంతే. మీ తమ్ముడు మీకు ఫోన్‌లో చెప్పింది మొదటి సగం, ఇది రెండో సగం. తృప్తేనా?

అమ్మయ్య, ఒకటే దెబ్బ.

ఇంకా రెండు ముక్కలున్నాయి. కోపం తెచ్చుకోనంటేనే చెప్తాను.

ఒకటి. ఆ రోజు 'ఆపూ' అని అరిచాను చూశారూ... బాగుందండీ. చాలా బాగుంది. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయి, అందరూ అలా చూస్తుంటే... ఇన్నేళ్ళూ ఈ సుఖమంతా మీరొక్కరే అనుభవించి, ఇంటికొచ్చి 'అబ్బా, గొంతు నొప్పి' అని నా చేత నీళ్ళు కాయించారు కదా!

రెండోది... మొన్న చెకప్పుకి వెళ్ళాం గుర్తుందా? మీరు బయట చెప్పులు వేసుకుంటుంటే డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచారు. గాయం మానిపోయిందట. ఇక మెల్లగా మాట్లాడొచ్చట. అరవకూడదు, అంతే.

అవును. మొన్న.

నేనే చెప్పలేదు. చెప్తే మర్నాడు పొద్దున్నే షెడ్డులో ఉంటారు. వెళ్ళగానే కొత్త నట్టు పీకించేస్తారు. రింగులు తీగతో సహా తుక్కులో పడేస్తారు. సరుకు వ్యాను ఎక్కేదాకా మీరు మూగగా ఉంటేనే మంచిదనుకున్నాను. ఇప్పుడు ఎక్కింది. ఇప్పుడు మాట్లాడండి. తిట్టండి, ఫర్వాలేదు, కాకపోతే మెల్లగా.

ఏమిటి, ఏమీ అనరా? ఇన్నాళ్ళూ నోరు తెరవకండని నేను బతిమాలుకోవాల్సి వచ్చిందే!

సరే, మీరు అనకపోతే నేనే అంటాను. రేపటి నుంచి షెడ్డు మధ్య కుర్చీ నాది. గాజుగది మీది. తలుపు వేసుకుంటే చప్పుడు వినపడదు, అరవాల్సిన పని ఉండదు, గొంతుకి మంచిది. ఫోన్లో మెల్లగానే మాట్లాడాలి కాబట్టి అలవాటు కూడా అవుతుంది. ఏమంటారు?

అయ్యో రామ, మళ్ళీ ఆ చెంచా ఎందుకండీ? నోరొచ్చిందంటున్నాగా! సరే, మీ ఇష్టం. కొట్టండి. ఒకటి.

ఆఁ.

గ్లాసు ఇలా ఇచ్చేయండి, కడిగేస్తాను. ఇవ్వండీ. చెయ్యి ఇంకా పైకి లేపారేం? రెండోదా? ఏమో, నాకు ఒక్కటే వినపడింది.