ఎర్రబడే గడి

ముసలావిడ గ్రంథాలయంలో పుస్తకం తిరిగిచ్చి, లావుపాటి మరో పుస్తకం తీసుకుని, కంప్యూటర్ ముందున్న అమ్మాయి వెనక్కి చేరింది. నిన్నటినుంచి ఎవరితోనూ మాట్లాడలేదు.

“తెరమీద ఆ ఎర్రగడులేంటమ్మా?”

“ఏడాదిగా ఎవరూ తీసుకెళ్లని పుస్తకాలు, మామ్మగారూ. ఏడాది దాటితే వాటి గడులు వాటంతటవే ఎర్రబడేలా పెట్టాను. చూడగానే తెలిసిపోతాయి.”

“మనుషులకీ పెట్టొచ్చా?”

“సభ్యులకా? పెట్టొచ్చు. ఎందుకూ?”

“నాకు పెట్టు. వారం రాకపోతే ఎర్రబడాలి.”

“పుస్తకం తిరిగివ్వడానికే పదిహేను రోజులుంటే మీకెందుకు తొందర?”

“పుస్తకం సంగతి కాదే పిచ్చిపిల్లా! లోపల గొళ్లెం పెట్టుకుని ఒక్కదాన్నే పడుకుంటాను. ఆయన పోయాక తలుపు కొట్టేవాళ్లే లేరు. ఎర్రబడితే నువ్వొచ్చి కొట్టు.”

అమ్మాయి సభ్యుల జాబితాలో ఆవిడ పేరు వెతికి, పక్క గడిలో అంకె కొట్టింది.

“వారం కాదు మామ్మగారూ, రెండ్రోజులే పెట్టాను.”

“రెండ్రోజుల్లో ఇంత లావు పుస్తకం ఎలా చదవనే?”

“చదవకపోయినా వచ్చి కనబడండి.”